‘జెడ్’ సినిమాలోని ఆ మేజిస్ట్రేట్ నిజంగానే గ్రీస్ అధ్యక్షుడయ్యాడా?

అయ్యాడండీ, అందులో అనుమానం అక్కర్లేదు. 1963లో గ్రీస్‌లో జరిగిన ఒక ఎంపీ హత్య కేసు మీద తీసిన ఆ సినిమాలో, మెడల్స్ వేలాడేసుకుని వచ్చిన పోలీసు జనరల్స్‌ని కూడా ఒక్కొక్కరినే కూర్చోబెట్టి “పేరు, ఇంటిపేరు, వృత్తి” అని అడిగే ఆ రంగు కళ్లద్దాల కుర్ర మేజిస్ట్రేట్ కల్పితమా నిజమా అన్నారు. నిజమైతే తర్వాత ఏమయ్యాడు, అధ్యక్షుడిగా ఎలా చేశాడు, అసలు ఒక మేజిస్ట్రేట్‌కి అంతమందిని లోపల వేసే అధికారం ఎక్కడిది అని కూడా అడిగారు. నేను క్రిమినల్ సైడ్ ప్రాక్టీసులో జుట్టు నెరిసినవాణ్ని, ఈ కేసంటే నాకు మొదట్నుంచీ పిచ్చి. కాబట్టి కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ఆయన పేరు క్రిస్టోస్ సార్జెటాకిస్. 1929 ఏప్రిల్ 6న థెస్సలొనీకి నగరంలో పుట్టాడు. తండ్రి క్రీట్ దీవి నుంచి వచ్చినవాడు, జెండార్మెరీ అధికారి. జెండార్మెరీ అంటే అప్పటి గ్రీస్‌లో సైనిక పద్ధతిలో నడిచే పోలీసు దళం. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ముప్పై నాలుగేళ్ల వయసులో ఈయన జైలుకు పంపింది సరిగ్గా ఆ దళం పెద్దల్నే. తండ్రి వేసుకున్న యూనిఫాం వేసుకున్నవాళ్లనే. సార్జెటాకిస్‌ని వామపక్షవాది అని తిట్టినవాళ్లు చాలామంది ఉన్నారు గానీ ఇల్లు, పెంపకం, భాష, ఆలోచన అన్నీ పక్కా సంప్రదాయవాదివి. థెస్సలొనీకిలోనే లా చదివి 1950ల మధ్యలో న్యాయశాఖలో చేరాడు. 1963 రాకపోయి ఉంటే ఎవరికీ పేరు తెలియకుండా రిటైరయ్యే రకం.

ఇక కేసు. గ్రిగోరిస్ లాంబ్రాకిస్ అని ఒక పార్లమెంటు సభ్యుడు ఉండేవాడు. ఉత్త రాజకీయ నాయకుడు కాదు. డాక్టరు, ఏథెన్స్ యూనివర్సిటీలో గైనకాలజీ చెప్పేవాడు, బీదవాళ్లకి ఉచితంగా వైద్యం చేసేవాడు. అంతకు ముందు అథ్లెట్, లాంగ్ జంప్‌లో ఆయన జాతీయ రికార్డు ఇరవై ఏళ్లకు పైగా ఎవరూ చెరపలేదు. 1961లో వామపక్ష కూటమి తరఫున పిరేయస్ నుంచి గెలిచాడు. 1963 ఏప్రిల్‌లో మారథాన్ నుంచి ఏథెన్స్‌కి శాంతి యాత్ర పెడితే పోలీసులు నిషేధించి వచ్చినవాళ్లని వచ్చినట్టే అరెస్టు చేశారు. ఈయనకి ఎంపీగా రక్షణ ఉంది కాబట్టి ఒక్కడే బ్యానర్ పట్టుకుని నడిచాడు. ఆ ఫొటో ఇప్పటికీ గ్రీస్‌లో ఎక్కడ చూసినా కనిపిస్తుంది.

నెల తిరిగింది. మే 22న థెస్సలొనీకిలో సభ. అనుకున్న హాలు చివరి నిమిషంలో ఇవ్వలేమన్నారు, వేరేచోట పెట్టుకున్నారు. బయట అల్లరిమూక రాళ్లు వేస్తోంది, పోలీసులు చేతులు కట్టుకుని నిలబడ్డారు. లాంబ్రాకిస్ ప్రసంగం అయ్యాక బయటికొచ్చి రోడ్డు దాటుతుంటే ఒక మూడు చక్రాల బండి, మన ట్రాలీ ఆటో లాంటిది, దూసుకొచ్చింది. నడిపినవాడు స్పైరోస్ గోట్జమానిస్. వెనక నిలబడ్డ ఎమ్మనూఇలిడిస్ దుడ్డుకర్రతో తల మీద ఒక్కటే దెబ్బ కొట్టాడు. అంతమంది పోలీసుల మధ్యలోంచి బండి వెళ్లిపోయేదే, కానీ లాంబ్రాకిస్ అనుచరుడు ఒకాయన, ‘పులి’ అని పేరుపడ్డవాడు, పరుగెత్తి బండి మీదికి దూకి వెనక ఉన్నవాడితో కలబడ్డాడు. ఆ దూకుడే లేకపోతే ఈ కథ అక్కడితో సరి. బండి ఆగింది, నడిపినవాడు దొరికాడు. ఎంపీ అయిదు రోజులు మృత్యువుతో పోరాడి మే 27న చనిపోయాడు. ఏథెన్స్‌లో అంత్యక్రియలకి లక్షల మంది వచ్చారు.

పోలీసుల మొదటి ప్రకటన ఏమిటో తెలుసా? రోడ్డు ప్రమాదం. తాగినవాడు బండి నడిపాడు, ఎంపీగారు పడ్డారు, తల నేలకి తగిలింది.

ఇక్కడ మీ అధికారం ప్రశ్నకి జవాబు చెప్పాలి. మన దగ్గర ఎఫ్‌ఐఆర్ రాసేది, సాక్షుల్ని వెతికేది, ఛార్జిషీటు వేసేది అంతా పోలీసులు. మేజిస్ట్రేట్ ముందుకి కాగితం వస్తేనే ఆయన పని మొదలు. గ్రీస్‌లో ఫ్రెంచ్ పద్ధతి. పెద్ద నేరాల్లో విచారణ జడ్జి అని ఒకరుంటారు, ఆయనే స్వయంగా సాక్షుల్ని పిలుస్తాడు, వాంగ్మూలాలు రాయిస్తాడు, పోస్ట్‌మార్టం నిపుణుల్ని ప్రశ్నిస్తాడు, ప్రాసిక్యూటర్ ఒప్పుకుంటే నిందితుణ్ని జైల్లో పెట్టిస్తాడు. తీర్పు మాత్రం ఆయన చెప్పడు, అది వేరే కోర్టు పని. అంటే సార్జెటాకిస్‌కి ప్రత్యేక అధికారాలేవీ ఇవ్వలేదు. ఉన్న అధికారాన్నే వాడాడు. పోలీసులే నేరంలో ఉన్నప్పుడు, పోలీసుల మీద ఆధారపడని విచారణ ఉండటం ఎంత పెద్ద విషయమో కోర్టుల్లో తిరిగినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఆయన చేసిన పని చూస్తే హీరోయిజం ఏమీ కనపడదు. తలకి తగిలిన దెబ్బ నేల మీద పడితే తగిలేదా కర్రతో కొడితే తగిలేదా, ముందు అది తేల్చుకున్నాడు. తర్వాత బండి నడిపినవాడికీ పోలీసు స్టేషన్‌కీ రాకపోకలు ఏమిటి? ఆ రోజు సభ దగ్గర ఎవరెవరు ఎక్కడ నిలబడ్డారు? అల్లరిమూకని పిలిపించింది ఎవరు? ఇవే ప్రశ్నలు, వచ్చినవాళ్లందరికీ. ఒక సాక్షి, ఫర్నిచర్‌కి పాలిష్ పెట్టుకునే మామూలు మనిషి, ‘రేపు ఓ పెద్ద పని చేయబోతున్నా’ అని గోట్జమానిస్ ముందే తనతో అన్నాడని చెప్పడానికి బయల్దేరాడు, దారిలో ఆయన తల మీద కూడా ఎవరో కొట్టారు. ఆస్పత్రిలో ఉంటే అధికారులు వచ్చి నువ్వే జారిపడ్డావని ఒప్పించబోయారు. ఇట్లాంటివి రెండు మూడు జరిగితే చాలు, ఏ విచారణాధికారికైనా విషయం అర్థమైపోతుంది. అర్థమవడం వేరు, ఫైల్లో రాయడం వేరు. ఈయన రాశాడు.

తీగ లాగితే బయటపడ్డది ఒక రహస్య ముఠా. నడిపేది క్సెనోఫోన్ యోస్మాస్, జర్మన్లు గ్రీస్‌ని ఆక్రమించినప్పుడు వాళ్లతో చేతులు కలిపినవాడు. కమ్యూనిస్టుల్ని కొట్టడానికి పోలీసులు ఇట్లాంటి ముఠాల్ని పెంచి పోషించారు, సరుకు రవాణా లైసెన్సో చిన్న ఉద్యోగమో చూపించి బీదవాళ్లని వాడుకున్నారు. అక్కణ్నుంచి పైకి వెళితే ఉత్తర గ్రీస్ జెండార్మెరీ అధిపతి జనరల్ మిత్సూ, థెస్సలొనీకి పోలీసు డైరెక్టర్ కమూత్సిస్ దాకా వెళ్లింది. వాళ్ల మీద అభియోగాలు పెట్టి కస్టడీకి పంపాడు. వయసు ముప్పై నాలుగు. పక్కన నిలబడ్డ సీనియర్ ప్రాసిక్యూటర్ పావ్లోస్ డెలాపోర్టాస్‌కి కూడా దక్కాల్సిన పేరిది, సినిమా వల్ల జనం మర్చిపోయారు గానీ. అలాగే పోలీసుల కంటే ముందే సాక్షుల్ని వెతికి పట్టుకున్న కొందరు జర్నలిస్టులు కూడా.

పైనుంచి ఒత్తిడి వచ్చింది, రాకుండా ఎట్లా ఉంటుంది. సుప్రీంకోర్టు ప్రాసిక్యూటర్ కాన్‌స్టాంటినోస్ కోల్లియాస్, అంటే దేశంలోకెల్లా పెద్ద ప్రాసిక్యూటరు, అధికారుల జోలికి పోవద్దని నచ్చజెప్పచూశాడు. ఈ కోల్లియాస్ పేరు మళ్లీ వస్తుంది.

అప్పుడు ప్రధాని కాన్‌స్టాంటినోస్ కరమాన్లిస్, మితవాది. హత్య విని “అసలు ఈ దేశాన్ని ఏలేది ఎవరు?” అన్నాడని గ్రీస్‌లో అందరూ చెప్పుకుంటారు. వచ్చే నెలలోనే రాజుతో గొడవపడి రాజీనామా చేసి, చివరికి పారిస్ వెళ్లిపోయాడు. ఈ కరమాన్లిస్‌ని కూడా గుర్తుపెట్టుకోండి.

విచారణ 1966లో జరిగింది. ఇద్దరు హంతకులకి శిక్షలు పడ్డాయి, గోట్జమానిస్‌కి 11 ఏళ్లు, ఎమ్మనూఇలిడిస్‌కి ఎనిమిదిన్నర. పోలీసు అధికారులంతా విడుదల. సినిమా చూసినవాళ్లు చాలామంది అధికారులకి శిక్ష పడిందనే భ్రమలో ఉంటారు, పడలేదు. మరి సార్జెటాకిస్ చేసిందంతా వృథానా అంటే నేను కాదంటాను. వాంగ్మూలాలు రికార్డులో ఉన్నాయి, అవి ఎవరూ చెరపలేకపోయారు. ఈ కేసు మీద నవల రాసినా సినిమా తీసినా ఆ కాగితాల దన్నుతోనే.

1967 ఏప్రిల్ 21 తెల్లవారుజామున సైన్యంలో కల్నల్స్ కొందరు ట్యాంకులతో వచ్చి ప్రభుత్వాన్ని లాక్కున్నారు. ముందు పెట్టుకోడానికి వాళ్లకొక సివిలియన్ ముఖం కావాలి కదా. ప్రధానిగా ఎవర్ని కూర్చోబెట్టారనుకుంటున్నారు? కోల్లియాస్‌ని! అప్పటికి సార్జెటాకిస్ పై చదువుకి పారిస్‌లో ఉన్నాడు, వెనక్కి రమ్మన్నారు. వచ్చాడు. 1968 మేలో ముప్పై మంది జడ్జీల్నీ ప్రాసిక్యూటర్లనీ ఒక్క దెబ్బతో ఉద్యోగాల్లోంచి పీకేశారు, అందులో ఈయన కూడా. కోల్లియాస్ అప్పటికే గద్దె దిగిపోయాడు, అది వేరే సంగతి.

1969లో సినిమా వచ్చింది. కోస్టా గవ్రాస్ తీశాడు, షూటింగ్ అల్జీరియాలో, మేజిస్ట్రేట్ వేషం జాన్ లూయి ట్రంతిన్యాన్. విదేశీ చిత్రాల్లో ఆస్కార్ వచ్చింది, వేషం వేసినాయనకి కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. అసలు మనిషికి ఏమొచ్చింది? 1970 డిసెంబర్ 24న, క్రిస్మస్ ముందు రోజు, ఇంటికొచ్చి పట్టుకుపోయారు. సైనిక పోలీసుల చేతుల్లో చిత్రహింసలు పడ్డాడు, కేసు లేదు, విచారణ లేదు, ఏడాది దగ్గర దగ్గర లోపలే. విదేశాల్లో, ముఖ్యంగా ఫ్రాన్స్‌లో, గొడవ చేస్తే 1971 చివర్లో వదిలారు. ప్రపంచమంతా ఆయన పాత్రకి చప్పట్లు కొడుతున్న రోజుల్లో ఆయన మాత్రం ఆ సినిమా నిషేధించిన దేశంలో జైల్లో ఉన్నాడు.

1974లో సైప్రస్ వ్యవహారంలో దెబ్బతిని సైనిక ప్రభుత్వం కూలింది. పారిస్ నుంచి కరమాన్లిస్ తిరిగొచ్చి ప్రధాని అయ్యాడు, జడ్జీలందరినీ మళ్లీ తీసుకున్నారు, సార్జెటాకిస్ అప్పీలు కోర్టుకి వెళ్లాడు. బుద్ధి మారిందా? లేదు. 1976లో పశ్చిమ జర్మనీ ఒక తీవ్రవాద నిందితుణ్ని, రోల్ఫ్ పోలే అని, అప్పగించమని అడిగింది. ప్రభుత్వానికి జర్మనీ స్నేహం కావాలి, అప్పగించాలనే ఉంది. ఇది రాజకీయ నేరం కిందకి వస్తుంది, చట్టం ఒప్పుకోదు అని తీర్పిచ్చిన అప్పీలు కోర్టు బెంచ్‌లో ఈయన ఉన్నాడు. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి పోలేని జర్మనీకి పంపేసింది, ఈయనకి క్రమశిక్షణ చర్యల టెన్షన్ మిగిలింది. సినిమా ఇమేజ్ కంటే నాకు ఈ తీర్పే ఆయన్ని ఎక్కువ పట్టిస్తుంది. లాంబ్రాకిస్ కేసులో న్యాయం వైపు జనం ఉన్నారు, ఇక్కడ ఎవరూ లేరు. 1982లో సుప్రీంకోర్టు జడ్జి అయ్యాడు.

ఇప్పుడు అధ్యక్ష పదవి. ఇది జనం ఓట్లతో వచ్చింది కాదు. గ్రీస్‌లో అధ్యక్షుణ్ని 300 మంది ఉన్న పార్లమెంటే ఎన్నుకుంటుంది. 1980 నుంచి ఆ కుర్చీలో ఉన్నది మన పాత కరమాన్లిస్. 1985లో ఆయన పదవీకాలం అయిపోవస్తోంది, ప్రధాని సోషలిస్టు ఆండ్రియాస్ పాపాండ్రేయు ఆయన్నే కొనసాగిస్తాడని దేశమంతా అనుకుంది. మార్చి 9న పాపాండ్రేయు ఉన్నట్టుండి సార్జెటాకిస్ పేరు చెప్పాడు. కరమాన్లిస్ మర్నాడే రాజీనామా పడేశాడు.

పాపాండ్రేయు లెక్క సులభం. అప్పటి రాజ్యాంగంలో అధ్యక్షుడికి పార్లమెంటుని రద్దు చేయడం లాంటి గట్టి అధికారాలు ఉన్నాయి, వాటిని కత్తిరించాలి. కరమాన్లిస్ లాంటి హేమాహేమీ పైన కూర్చుంటే అది తేలిక కాదు. పార్టీ లేని, మచ్చలేని, వామపక్షాలకి ఇష్టమైన ఒక జడ్జి అయితే కమ్యూనిస్టుల ఓట్లు కూడా పడతాయి. సొంత ఓట్లు చాలవు, అవి కావాలి.

మొదటి రెండు రౌండ్లకి 200 కావాలి, మూడో రౌండుకి 180 చాలు. మార్చి 17న 178 వచ్చాయి. 23న 181. 29న సరిగ్గా 180, ఒక్కటి తగ్గినా పార్లమెంటు రద్దయి ఎన్నికలు. ఆ నూట ఎనభైలో ఒక ఓటు స్పీకర్ అలెవ్రాస్‌ది. కరమాన్లిస్ దిగిపోయాక తాత్కాలిక అధ్యక్షుడు ఆయనే, మరి అధ్యక్షుడి పనిలో ఉన్నవాడు ఎంపీగా ఓటెలా వేస్తాడని ప్రతిపక్షం లేచింది. ఇంకోటి, బ్యాలెట్ కాగితాలు రంగువి పెట్టారు. రహస్య ఓటు అన్నమాటే గానీ ఎవడు ఎటు వేశాడో తెలిసిపోవడానికే ఈ ఏర్పాటని గోల. ప్రతిపక్ష నాయకుడు మిత్సొటాకిస్ ఈ అధ్యక్షుణ్ని మేం గుర్తించమన్నాడు. జూన్ ఎన్నికల్లో పాపాండ్రేయు మళ్లీ గెలిచాక ఆ గోల సద్దుమణిగింది.

నా అభిప్రాయం అడిగితే, ప్రొసీజర్ కోసం ప్రాణం పెట్టిన మనిషి కెరీర్‌లో ఇది నాకు కొరుకుడుపడని ఘట్టం. రంగు కాగితాలు ఆయన ఆలోచన కాదు, సరే. అలెవ్రాస్ ఓటు చెల్లుతుందని పార్లమెంటే తేల్చింది, అదీ సరే. కానీ అదే వివాదం వేరేవాళ్ల ఫైల్లో ఎదురైతే విచారణ జడ్జి సార్జెటాకిస్ అంత తేలిగ్గా వదిలేవాడా అంటే నాకు నమ్మకం లేదు.

1986లో రాజ్యాంగ సవరణ వచ్చింది, అధికారాలు పోయాయి. మన రాష్ట్రపతిలాగా సంతకాలు, ప్రమాణస్వీకారాలు, ప్రసంగాలు మిగిలాయి. అధ్యక్షుడిగా ఎలా చేశాడన్నారు కదా, జనంలో ఆయనకి పెద్ద అభిమానం దక్కలేదనే చెప్పాలి. గ్రాంథిక భాష, బిగుసుకుపోయిన మర్యాదలు, ప్రోటోకాల్‌లో పిసరంత తేడా వచ్చినా ఒప్పుకోకపోవడం. ఆయన మీద జోకులు ఊరూవాడా తిరిగాయి. గ్రీకులది తోబుట్టువులు లేని జాతి అని ఆయనన్న మాట మాత్రం నిలిచిపోయింది, మెచ్చుకునేవాళ్లూ వెక్కిరించేవాళ్లూ ఇద్దరూ ఇప్పటికీ వాడుతుంటారు. వామపక్షాల ఓట్లతో వచ్చిన మనిషి జాతీయవాదంలో మితవాదుల్ని మించిపోయాడు. ఎన్నుకున్నవాళ్లు సినిమాలో హీరోని ఎన్నుకున్నామనుకున్నారు, వచ్చింది మాత్రం జెండార్మెరీ అధికారి కొడుకు. మొదట్నుంచీ ఆయన అదే.

చివరి ఏడాదిలో మాత్రం ఆ మొండితనం పనికొచ్చింది. 1989 జూన్‌లో ఎన్నికలు, ఎవరికీ మెజారిటీ రాలేదు. కోస్కోటాస్ బ్యాంకు కుంభకోణం పాపాండ్రేయు పీకలదాకా వచ్చింది. మితవాదులూ కమ్యూనిస్టులూ కలిసి కొన్నాళ్లు ప్రభుత్వం నడిపారు, నవంబర్‌లో మళ్లీ ఎన్నికలు, మళ్లీ అంతే. అప్పుడు అన్ని పార్టీలూ కలిసి జొలోటాస్ అనే వయసు మళ్లిన ఆర్థికవేత్తని ప్రధానిని చేశాయి. ఇంత గందరగోళంలో ఏ నాయకుణ్ని ముందు పిలవాలి, ఎన్ని రోజులు గడువివ్వాలి, ఎప్పుడు ఆపద్ధర్మ ప్రభుత్వం పెట్టాలి అన్నీ రాజ్యాంగంలో రాసి ఉన్నాయి, ఆయన రాసింది రాసినట్టు చేసుకుపోయాడు. సొంత తెలివితేటలు చూపించే అధ్యక్షుడు ఉండుంటే అప్పుడు ఇంకా చెడేది.

1990 మొదట్లో పార్లమెంటు కొత్త అధ్యక్షుణ్ని ఎన్నుకోలేకపోయింది, ఏప్రిల్‌లో మూడోసారి ఎన్నికలు జరిగాయి, మితవాదులు అంచు మీద గెలిచారు. మే నెలలో కొత్త అధ్యక్షుడొచ్చాడు. ఎవరంటారు? కరమాన్లిసే! హత్య జరిగినప్పుడు ప్రధాని, 1985లో ఈయన పేరు వినగానే దిగిపోయినవాడు, అయిదేళ్లకి ఈయన చేతుల్లోంచే మళ్లీ ఆ కుర్చీ తీసుకున్నాడు.

పదవి దిగాక సార్జెటాకిస్ ఏ పార్టీలోనూ చేరలేదు. పక్క దేశం మేసిడోనియా అనే పేరు పెట్టుకోవడం మీద నడిచిన గొడవలో మాత్రం ఆ పేరు ఇవ్వకూడదని గట్టిగా మాట్లాడేవాడు. 2022 ఫిబ్రవరి 3న, తొంభై రెండేళ్ల వయసులో పోయాడు.

సినిమా మళ్లీ చూస్తే ఒకటి గమనించండి. అందులో దేశం పేరు గానీ ఆయన పేరు గానీ ఎక్కడా చెప్పరు. కథ కూడా విచారణ చుట్టూ బిగించి తీశారు, 1966 కోర్టు వాదనలు దాదాపు ఉండవు. కాబట్టి కేసు మొత్తం సినిమాలోనే ఉందనుకుని లా విద్యార్థులకి ఉదాహరణగా చెప్పకండి, అధికారులు విడుదలైన సంగతి కూడా కలిపి చెప్పండి.